పరాభవలో పుడితే ఏమవుతుంది? అగ్ని గుర్రం, మన అరవై పేర్లు, మా అక్క డెలివరీ డేట్

ఈ ఎపిసోడ్ ఒక సారీతో మొదలుపెట్టాలి.

జనవరిలో మన ఛానల్లో ఒక షార్ట్ పెట్టాను. యాభై సెకన్లు కూడా ఉండదు. "2026 చైనా వాళ్ళకి అగ్ని గుర్రం సంవత్సరం, మనకి పరాభవ నామ సంవత్సరం, రెండూ ఒకేసారి వస్తున్నాయి, జాగ్రత్త" అని. థంబ్‌నెయిల్‌లో మంటల్లో పరుగెత్తే గుర్రం, వెనకాల దెయ్యం సినిమా మ్యూజిక్. అందులో చెప్పిన డేట్లు, పేర్లు అన్నీ కరెక్టే. చెప్పిన తీరే దరిద్రంగా ఉంది. మన ఛానల్లో అన్నిటికంటే ఎక్కువ మంది చూసింది కూడా అదే. పోయిన వారం దాన్ని డిలీట్ చేశాను. చాలామంది "అన్నా ఆ వీడియో ఏమైంది" అని అడుగుతున్నారు కాబట్టి చెప్తున్నా.

మా అక్కకి ఇప్పుడు తొమ్మిదో నెల. పూతలపట్టులో మా ఇంట్లోనే ఉంది, పుట్టింటికి వచ్చింది. డాక్టర్ ఇచ్చిన డేట్ ఏప్రిల్ 5. ఉగాది మార్చి 19న. అంటే బిడ్డ పుట్టేసరికి విశ్వావసు వెళ్ళిపోయి పరాభవ వచ్చేస్తుంది. పరాభవ అంటే అర్థం మీకు తెలుసు కదా. ఓటమి, అవమానం.

పోయిన నెల పాకాల దగ్గర నుంచి అక్క వాళ్ళ అత్త ఫోన్ చేసింది. ఎవరో పెద్దాయనతో మంచిరోజు చూపించుకున్నారంట. మార్చి 18 అమావాస్య, 17 చతుర్దశి, రెండూ పనికిరావు. మార్చి 15 ఆదివారం ఏకాదశి, ఆ రోజు ఆపరేషన్ చేయించేస్తే బిడ్డ విశ్వావసులోనే పుడుతుంది, పీడా పోతుంది అని. మా అమ్మ "ఇదంతా ఎవరు చెప్పినారు వదినా" అని అడిగితే ఆమె చెప్పిన మాట: "మీ అబ్బోడే గదా, ఫోన్లో చెప్పినాడు."

స్పీకర్ ఆన్‌లో ఉంది. నేను పక్కనే అన్నం తింటా ఉన్నా.

లెక్క వేసుకోండి. ఏప్రిల్ 5 అంటే 40 వారాలు. మార్చి 15 అంటే సరిగ్గా 37 వారాలు. బిడ్డను మూడు వారాల ముందే బయటికి తీయాలి. ఎందుకు? పేరు బాగలేదని. బిడ్డ పేరు కూడా కాదు, సంవత్సరం పేరు. వేలూరులో మేము చూపించే డాక్టరమ్మ మొహమాటం లేకుండా చెప్పేసింది. తల్లికి గాని బిడ్డకి గాని ఇబ్బంది ఉంటే ఏ రోజైనా తీస్తాం, ఏ ఇబ్బందీ లేనప్పుడు 39 వారాలు నిండకుండా కోయం, అలా ముందే తీసిన పిల్లలకి ఊపిరి తీసుకోవడంలో సమస్యలు ఎక్కువ, కొందరిని ఐసీయూలో పెట్టాల్సి వస్తుంది అని. అక్క ఏమీ మాట్లాడలేదు. కారులో వచ్చేటప్పుడు మాత్రం, చిత్తూరు దాటినాక, "ఇక్కడ వద్దంటే ఒప్పుకునే ఆస్పత్రి ఇంకోటి చూస్తారేమోరా" అంది. ఆ రాత్రే షార్ట్ తీసేశాను. తీసేస్తే సరిపోదని ఈ ఎపిసోడ్.

సరే, మొదట గుర్రం సంగతి.

చైనా వాళ్ళ కొత్త సంవత్సరం ఈసారి ఫిబ్రవరి 17న వచ్చింది. అది అమావాస్య రోజు. దాని తర్వాత వచ్చే అమావాస్య అవగానే మన ఉగాది. మనదీ వాళ్ళదీ చంద్రుడి నెలల లెక్కే కాబట్టి ఇద్దరికీ ఒకటే తలనొప్పి. పన్నెండు చంద్ర మాసాలు కలిపితే 354 రోజులే, ఏడాదికి పదకొండు రోజులు తగ్గుతాయి. దాన్ని సరిచేయడానికి అప్పుడప్పుడూ ఒక నెల ఎక్స్‌ట్రా కలుపుతారు. మనం అధిక మాసం అంటాం. ఈ ఏడాది మనకి అధిక జ్యేష్ఠం వస్తోంది. వాళ్ళకి పోయిన ఏడాదే ఆరో నెల రెండుసార్లు వచ్చింది.

వాళ్ళ జంతువులు పన్నెండు. ఎలుక, ఎద్దు, పులి, కుందేలు, డ్రాగన్, పాము, గుర్రం, మేక, కోతి, కోడి, కుక్క, పంది. వీటికి తోడు అయిదు తత్వాలు: కర్ర, అగ్ని, మట్టి, లోహం, నీరు. ఒక్కో తత్వం వరసగా రెండేళ్ళు నడుస్తుంది, అంటే పదేళ్ళకి ఒక రౌండ్. ఒక చక్రంలో పది పళ్ళు, ఇంకో చక్రంలో పన్నెండు పళ్ళు, రెండూ కలిసి తిరుగుతున్నాయనుకోండి. మొదలైన చోటికి రెండూ ఒకేసారి రావాలంటే అరవై అడుగులు పడుతుంది. స్కూల్లో చేసిన కసాగు లెక్కే.

మీది ఏ జంతువో ఇప్పుడే చూసుకోవచ్చు. పుట్టిన సంవత్సరాన్ని 12తో భాగించండి. శేషం 4 వస్తే ఎలుక, 5 వస్తే ఎద్దు, అలా వరసగా లెక్కపెట్టుకుంటూ పోండి. 11 మేక. 0 వస్తే కోతి, 1 కోడి, 2 కుక్క, 3 పంది. తత్వం చివరి అంకెను బట్టి: 4, 5 కర్ర, 6, 7 అగ్ని, 8, 9 మట్టి, 0, 1 లోహం, 2, 3 నీరు. జనవరిలో గాని ఫిబ్రవరి మొదట్లో గాని పుట్టినవాళ్ళు ముందు ఏడాది కూడా చూసుకోవాలి. నేను 1997, అగ్ని ఎద్దు. ఈ విషయం తెలిసి మా అక్క చాలా సంతోషపడింది, తను 1994, కుక్క అని తెలిసేదాకా.

2026 అగ్ని గుర్రం. దీని ముందు అగ్ని గుర్రం 1966. ఇక్కడే అసలు కథ ఉంది, అది చైనాది కాదు, జపాన్‌ది. జపాన్ వాళ్ళు దీన్ని హినోయె ఉమా అంటారు. ఈ ఏడాదిలో పుట్టిన ఆడపిల్ల మహా పొగరుబోతు, మొగుడికి గండం అని అక్కడ ఒక పాత నమ్మకం. దీని వెనకాల ఒక అమ్మాయి కథ చెప్తారు. ఒషిచి అని, ఎడో నగరంలో కూరగాయల కొట్టు వాళ్ళ అమ్మాయి. ఇల్లు తగలబెట్టిన నేరానికి 1683లో ఆ పిల్లను మంటల్లో వేసి చంపేశారు. ఆమె 1666లో, అగ్ని గుర్రం ఏడాదిలో పుట్టిందని జనం చెప్పుకున్నారు. నాటకాలు వచ్చాయి, పాటలు వచ్చాయి. ఒక టీనేజ్ పిల్ల చేసిన తప్పు మూడొందల ఏళ్ళ పాటు ఊరూపేరూ తెలియని ఆడపిల్లలందరి మెడకీ చుట్టుకుంది.

1966 వచ్చేసరికి జపాన్ పాత జపాన్ కాదు. రెండేళ్ళ ముందే బుల్లెట్ రైలు వేసింది, ఒలింపిక్స్ చేసింది. ఇంటింటికీ టీవీ వచ్చేసింది. అయినా ఏమైందో చూడండి. 1965లో ఆ దేశంలో సుమారు 18.2 లక్షల మంది పిల్లలు పుట్టారు. 1966లో 13.6 లక్షలు. 1967లో మళ్ళీ 19.4 లక్షలు. ఒక్క ఏడాదిలో నాలుగో వంతు పిల్లలు మాయం. యుద్ధం లేదు, కరువు లేదు, రోగం లేదు. దంపతులు వాయిదా వేసుకున్నారు, కొందరు గర్భాలు తీయించుకున్నారు, పుట్టిన ఆడపిల్లల తేదీని ముందో వెనకో రాయించినవాళ్ళు కూడా ఉన్నారు. జనాభా గ్రాఫ్‌లో ఆ గుంట ఇప్పటికీ కనబడుతుంది.

దీనికి రివర్స్ కూడా ఉంది. డ్రాగన్ ఏడాది మంచిదని తైవాన్‌లో 1976లో, సింగపూర్‌లో 1988లో పిల్లలు ఎక్కువ పుట్టారు. అదృష్టవంతులు అనుకున్న ఆ పిల్లలంతా ఒకే ఏడాది బడిలో చేరారు, ఒకే ఏడాది సీట్ల కోసం కొట్టుకున్నారు. ఎంసెట్ రాసినవాళ్ళకి దీని బాధ నేను వివరించక్కర్లేదు.

గుర్రం ఎవరినీ తన్నలేదు. గుర్రం తంతుందేమో అని జనం చేసిన పనే అంత పెద్ద గుంట తవ్వింది. మా ఇంట్లో మార్చి 15 కూడా అదే రకం పని.

ఇప్పుడు మన అరవై పేర్లకి వద్దాం. ప్రభవ, విభవ దగ్గర నుంచి అక్షయ దాకా. ఈ రౌండ్‌లో ప్రభవ 1987లో వచ్చింది. మీరు పుట్టిన సంవత్సరంలోంచి 1987 తీసేయండి, ఎంత వస్తే ప్రభవ నుంచి అన్ని పేర్లు ముందుకి జరగండి. 1997 అంటే పది జరగాలి, ఈశ్వర. 2026 అంటే 39 జరగాలి, పరాభవ. ఉగాదికి ముందు పుట్టినవాళ్ళు ఒకటి తగ్గించుకోండి.

చైనా వాళ్ళకీ అరవై, మనకీ అరవై ఎందుకు అంటే, రెండింటి వెనకాలా ఉన్నది గురువు, బృహస్పతి, జూపిటర్. అది ఆకాశంలో ఒక చుట్టు తిరగడానికి దాదాపు పన్నెండేళ్ళు పడుతుంది. చైనా వాళ్ళు ఆ గ్రహాన్ని ఏడాది చుక్క అనేవాళ్ళు. మన పుష్కరాలు కూడా ఆ లెక్కే. గోదావరికి 2015లో అయ్యాయి, మళ్ళీ 2027లో. ఆ పన్నెండేళ్ళ చుట్లు అయిదు కలిస్తే అరవై. శని చుట్టు ముప్పై ఏళ్ళకి దగ్గరగా ఉంటుంది కాబట్టి అరవై ఏళ్ళకి గురువు, శని ఇద్దరూ సుమారుగా పాత చోటికే వస్తారు. ఇది మంచి ఖగోళం. రాత్రిపూట మేడ మీద మంచం వేసుకుని చూసిన మనుషులు లెక్కపెట్టింది. దీన్ని నేను ఎగతాళి చేయను.

కానీ పేరు దగ్గరికి వస్తే కథ మారిపోతుంది. గురువు ఒక రాశి దాటడానికి పట్టే సమయం సుమారు 361 రోజులు. మన సంవత్సరం కంటే నాలుగు రోజులు తక్కువ. అందువల్ల 85 ఏళ్ళకి ఒక పేరు మిగిలిపోతుంది. ఉత్తరాదిలో ఆ పేరును ఎగరగొట్టి లెక్క సరిచేసుకుంటారు. మన దక్షిణాదిలో సుమారు వెయ్యేళ్ళుగా ఎగరగొట్టడం మానేశాం. ఏడాదికో పేరు, వరసగా, అంతే. ఇప్పుడు రెండు లెక్కలకీ మధ్య పది పేర్లకు పైగా తేడా. అంటే మార్చి 19న మనకి పరాభవ మొదలైతే కాశీ పంచాంగంలో వేరే పేరు ఉంటుంది. గురువు ఒక్కడే, ఆకాశం ఒక్కటే. నర్మద దాటితే అవమానం పోయి ఇంకేదో వస్తుందా?

కాశీ దాకా ఎందుకు, వేలూరు చాలు. ఇది మన చిత్తూరు వాళ్ళకే బాగా అర్థమవుతుంది. ఆస్పత్రిలో మందుల కౌంటర్ పక్కన రోజుకో కాగితం చింపే తమిళ క్యాలెండర్ వేలాడుతోంది. అక్క లోపల స్కానింగ్‌లో ఉంటే నేను ఊరికే దాన్ని చూస్తూ కూర్చున్నా. తమిళం వాళ్ళకీ ఇవే అరవై పేర్లు, ఇదే వరస. కాకపోతే వాళ్ళది సూర్యుడి లెక్క, సంవత్సరం మారేది ఏప్రిల్ 14న. అంటే మార్చి 19 నుంచి ఏప్రిల్ 13 దాకా పుట్టే బిడ్డ మన గోడ మీద పరాభవ, వాళ్ళ గోడ మీద విశ్వావసు. అక్క డేట్ ఏప్రిల్ 5, ఆస్పత్రి ఉన్నది వేలూరులో. చిత్తూరు నుంచి గంట ప్రయాణంలో బిడ్డ సంవత్సరమే మారిపోతుంది.

పంచాంగ శ్రవణంలో "ఈ సంవత్సరానికి రాజు ఎవరు" అని చెప్తారు కదా, అదీ చూద్దాం. ఉగాది ఏ వారం వస్తే ఆ వారానికి అధిపతి రాజు. మార్చి 19 గురువారం, కాబట్టి గురువు రాజు. సూర్యుడు మేషంలోకి వచ్చే రోజు మంగళవారం, కాబట్టి కుజుడు మంత్రి. ఇదొక ఏడు పళ్ళ చక్రం. ఇక్కడొక విషయం నాకు లేటుగా అర్థమైంది. కాణిపాకంలో చదివినా, తిరుమల ఆస్థానంలో చదివినా, పంచాంగం సంవత్సరం గురించి చెప్పేది వానలు, పంటలు, పశువులు, ధరలు, దేశం. మనిషి గురించి చెప్పాల్సి వస్తే రాశి, నక్షత్రం చూసి చెప్తుంది. సంవత్సరాన్ని బట్టి కూడా జాతక ఫలం చెప్పే పాత గ్రంథాలు ఉన్నాయి. కానీ మీ ఇంట్లో సంబంధం చూసేటప్పుడు "అమ్మాయిది ఏ నక్షత్రం" అని అడిగారా, "ఏ నామ సంవత్సరం" అని అడిగారా? ఏడాదిని బట్టి మనిషి గుణం చెప్పడం చైనా వాళ్ళ అలవాటు. దాన్ని తెచ్చి మన పేరుకి అతికించింది నాలాంటి షార్టుల బ్యాచ్.

పేరు నిజమవుతుందా అంటే... 2020 ఉగాది మార్చి 25, దేశమంతా లాక్‌డౌన్ మొదటి రోజు. సంవత్సరం పేరు శార్వరి, అంటే రాత్రి. ఇది చూసి అందరం అబ్బా అనుకున్నాం. బాగానే ఉంది. తర్వాతి ఏడాది ప్లవ. ప్లవ అంటే పడవ, ఒడ్డుకి చేరుస్తుంది అని ఎంతమంది ఫార్వర్డ్ చేశారో గుర్తుందా? ఏప్రిల్ 13 ఉగాది. ఆ నెల, ఆ తర్వాతి నెల ఏం చూశామో మీకు తెలుసు. ఆక్సిజన్ సిలిండర్ కోసం తిరుపతిలో తిరిగినవాళ్ళు ఈ వీడియో చూస్తూనే ఉంటారు. కలిసిన పేరు గుర్తుంటుంది, కలవనిది ఫార్వర్డ్ అవ్వదు.

పోయినసారి వచ్చిన పరాభవ 1966. జూన్‌లో రూపాయి విలువ తగ్గించారు, డాలర్‌కి 4.76 ఉన్నది 7.50 అయింది. పరాభవమే అంటారా? అదే ఏడాది నవంబర్‌లో ఫిలిప్పీన్స్‌లో ఐఆర్-8 వరి విడుదల చేశారు, మన తాతలు పండించిన ఆ ఐఆర్ ఎయిటే. డిసెంబర్ 15న మద్రాసులో ఇంజనీరింగ్ చదివిన ఒక కుర్రాడు సినిమాకి మొదటి పాట పాడాడు. పేరు ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం. మన శ్రీకాళహస్తిలో చదువుకున్నవాడే. ఏది తీసుకుంటే ఆ ఏడాది అలా ఉంటుంది.

ఇదంతా నేను పాకాలకి వెళ్ళి అత్తకి చెప్పాను. ఫోన్లో క్యాలెండర్ ఫోటో, జపాన్ గ్రాఫ్, అన్నీ చూపించాను. ఆమె మొత్తం విని, కాఫీ ఇచ్చి, "నువ్వు చదువుకున్నోడివి నాయనా, ఏమైనా చెప్తావు. మొన్న జాగ్రత్త అన్యావు, ఈరోజు ఏం లేదంటావు" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. బావ తల దించుకుని ఫోన్ చూసుకుంటా ఉన్నాడు.

ఇంటికొచ్చి ఆ మాట చెప్తే మా అవ్వ లేచి లోపలికి పోయింది. ట్రంకుపెట్టె తెరిచి ఒక పాత నోటుబుక్కు తెచ్చింది, అంచులకి పసుపు పూసింది. అవ్వకి చదవడం రాదు. "మీ నాయనది దీంట్లోనే ఉండాది, చదవరా" అంది. చదివాను. మొదటి లైనే "శ్రీ పరాభవ నామ సంవత్సర జ్యేష్ఠ మాసం" అని ఉంది. మా నాయన పుట్టింది 1966 జూన్. ఇన్నేళ్ళూ ఆ ఇంట్లోనే పెరిగి, అరవై పేర్ల మీద వీడియోలు చేసి, ఈ లెక్క నాకు తట్టలేదు.

"ఆ యేడు మామిడికాయలు కోస్తా ఉండారు, నొప్పులొచ్చినాయి, కన్నాను. సంవచ్చరం పేరు ఎవురికి గావాల" అని అవ్వ నా చేతే అత్తకి ఫోన్ చేయించింది. మాట్లాడింది రెండు నిమిషాలు కూడా లేదు. "నా కొడుకు పుట్టింది పరాభవలోనేమ్మా. ఆయన కూతుర్నే గదా మీరు కోరి కోడలిగా చేసుకునింది. ఆయమ్మిలో ఏమన్నా లోపం కనపడిందా మీకు?"

అటు నుంచి చాలాసేపు ఏమీ వినబడలేదు. తర్వాత "అట్ల గాదత్తా" అని మొదలుపెట్టి, బిడ్డ బాగుండాలనే కదా అని, చివరికి డాక్టరమ్మ చెప్పినట్టే కానీ అంది. ఆమె మనసు కష్టపెట్టాలని నాకూ లేదు. మనవడో మనవరాలో బాగుండాలనే ఆమె భయం. ఆ భయానికి మ్యూజిక్ వేసింది నేను.

మార్చి 15 క్యాన్సిల్. చేరాల్సిన రోజు డాక్టరమ్మ చెప్తుంది.

అరవై ఏళ్ళకి పుట్టిన సంవత్సరం మళ్ళీ వస్తే మనం షష్టిపూర్తి చేస్తాం. జపాన్‌లో అరవై నిండినవాళ్ళకి ఎర్ర టోపీ, ఎర్ర కోటు వేసి పండగ చేస్తారు, కొరియాలో కూడా ఆ పుట్టినరోజు పెద్దది. చైనాలో మాత్రం మన జంతువు ఏడాది మళ్ళీ వస్తే అది గండం అని ఎర్ర దారమో ఎర్ర బెల్టో కట్టుకుంటారు. మనవాళ్ళు కూడా అరవైలో శాంతి చేయించేది ఆ జాగ్రత్తకే. మా నాయనకి నిజ జ్యేష్ఠంలో తిరుక్కడయూరులో చేద్దామని అనుకుంటున్నాం. చిత్తూరు వైపు నుంచి చాలామంది అక్కడికే పోతారు.

కార్డు మ్యాటర్ టైప్ చేసే పని నాది. "స్వస్తిశ్రీ పరాభవ నామ సంవత్సర" అని మొదటి లైన్ కొట్టాను. కింద మనవలు, మనవరాళ్ళ పేర్లు వేసే చోట ఒక లైన్ ఖాళీగా ఉంచమంది అవ్వ. ఏప్రిల్‌లో నింపాలి.

మీది ఏ సంవత్సరమో లెక్క వేసి కామెంట్‌లో పెట్టండి. 1966లో పుట్టినవాళ్ళు మీ ఇంట్లో ఎవరైనా ఉంటే వాళ్ళని ఒకసారి అడగండి, వాళ్ళకి ఆ పేరు తెలుసో లేదో. ఉంటాను.